బట్టలు ఉతికే తల్లి కూతురు, ప్రపంచం తిరిగిన నర్తకి: అన్నా పావ్లోవా

హాస్టల్ వార్షికోత్సవం అనగానే చెల్లెళ్ళందరికీ ముందు గుర్తొచ్చేది సాంస్కృతిక కార్యక్రమాలే. నెల ముందు నుంచే స్టడీ అవర్స్ అయిపోగానే రిహార్సల్సు మొదలవుతాయి. గజ్జెలు ఒక్క జతే ఉంటే వంతులేసుకుంటాం. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు ఈ ఆటపాటలు ఎందుకని పెదవి విరిచే పెద్దలు మేము చదువుకున్న రోజుల్లోనూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పూట గడవని ఇళ్ళ పిల్లలకు కళతో పనేముంది అనే భావం కూడా ఆ పెదవి విరుపులో దాగి ఉంటుంది. ఆ మాటకు జవాబుగా, ఈ హాస్టల్లో ఉండి చదువుకుని వెళ్ళిన మేము, ఈ సంచిక కోసం ఒక మహానర్తకి జీవితాన్ని ఎంచుకున్నాం. ఆమె పేరు అన్నా పావ్లోవా. దేశం రష్యా. ఆమె నేర్చిన కళ బ్యాలే.

బ్యాలే అంటే మాటలు లేని నృత్యరూపకం. మన కూచిపూడిలో పాట ఉంటుంది, సంభాషణ ఉంటుంది. బ్యాలేలో అవేవీ ఉండవు. వేదిక ముందు వాద్యబృందం వాయిస్తూ ఉంటే, కథంతా నర్తకులు శరీరంతోనే చెప్పాలి. నర్తకీమణులు కాలి వేళ్ళ కొసల మీద నిలబడి ఆడతారు. చూసేవారికి గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. ఆడేవారికి మాత్రం వేళ్ళు చిట్లి రక్తం కారుతుంది.

బాల్యం

అన్నా పావ్లోవా 1881 ఫిబ్రవరి 12న, అప్పటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో జన్మించారు. తల్లి ల్యుబోవ్ ఫియోదొరోవ్నా బట్టలు ఉతికి బతికే మనిషి. తండ్రి నీడ ఆ బిడ్డకు దక్కలేదు. నెలలు నిండకుండా పుట్టడం వల్ల పాప చాలా బలహీనంగా ఉండేది, తరచూ జబ్బు పడేది. అందుకని కొంతకాలం ఊరి బయట లిగోవో అనే పల్లెలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. అమ్మ చాకిరీ, అమ్మమ్మ ప్రేమ, తినీ తినని తిండి. మనలో చాలామందికి ఈ బాల్యం కొత్తది కాదు.

ఆ పాపకు ఎనిమిదేళ్ళు దాటిన తర్వాత తల్లి ఒక పని చేసింది. అంత పేదరికంలోనూ కూడబెట్టిన డబ్బుతో కూతురిని మారిన్‌స్కీ థియేటరుకు తీసుకెళ్ళింది. అది జార్ చక్రవర్తి ప్రభుత్వం నడిపే నాటకశాల. అక్కడ 1890లో చైకోవ్‌స్కీ సంగీతంతో, మారియస్ పెటిపా నృత్యరచనతో నిద్రించే రాకుమారి కథను కొత్తగా ప్రదర్శిస్తున్నారు. పాప కళ్ళార్పకుండా చూసింది. గుంపుగా ఆడుతున్న పిల్లలను చూపించి, నీకూ అలా ఆడాలని ఉందా అని తల్లి అడిగిందట. అలా గుంపులో కాదు, ఆ రాకుమారిలా ఒక్కదాన్నే ఆడతానని కూతురు జవాబు చెప్పిందట. ఈ సంగతిని పావ్లోవా పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

ఆ ఒక్క ప్రదర్శన ఆమె జీవితాన్ని నిర్ణయించింది. టిక్కెట్టు కొనడం దండగని ఆ తల్లి అనుకుని ఉంటే, ప్రపంచానికి పావ్లోవా దొరికేవారు కాదు. ఈ వ్యాసం చదివే చెల్లెళ్ళు ఈ మాటను గుర్తుపెట్టుకోవాలి.

ఆమె కూడా హాస్టల్ పిల్లే

పావ్లోవా నృత్యం నేర్చుకోవాలంటే ఇంపీరియల్ థియేటర్ స్కూల్లో చేరాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు వయసు చాలదని, ఆరోగ్యం బాగాలేదని తిప్పి పంపేశారు. ఎదురుచూసి 1891లో మళ్ళీ వెళ్ళింది. ఈసారి సీటు వచ్చింది. ఆ బడి పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో అక్కడే బస, భోజనం, బట్టలు, చదువు. అంటే అదీ ఒక ప్రభుత్వ హాస్టలే!

ఆ హాస్టల్ రోజు ఎలా గడిచేదో తెలుసుకుంటే మనకు నవ్వు వస్తుంది, ఎందుకంటే మనదీ అదే తంతు. పొద్దున్నే గంట కొట్టేవారు. చన్నీళ్ళతో ముఖం కడుక్కోవాలి. వరుసలో నిలబడి ప్రార్థన చేయాలి. రొట్టె, టీ అయ్యాక నృత్యం క్లాసు. ఆ తర్వాత మామూలు చదువు, సంగీతం, మళ్ళీ సాధన. బయటికి వెళ్ళాలంటే పెద్దవాళ్ళు వెంట ఉండాల్సిందే. ఇంటి మీద బెంగ పెట్టుకుని రాత్రిళ్ళు దుప్పటి ముసుగులో ఏడ్చే పిల్లలు ఆ గదుల్లోనూ ఉండే ఉంటారని మా నమ్మకం.

అక్కడ ఆమెకు సుఖం ఏమీ లేదు. పొడుగ్గా, పుల్లలాగా ఉండేది. తోటి పిల్లలు చీపురుకట్ట అని ఎగతాళి చేసేవారు. ఆ కాలంలో బ్యాలేకు పొట్టిగా, కండ పట్టిన శరీరమే గొప్పదని అనుకునేవారు. ఇటలీ నుంచి వచ్చిన పియెరీనా లెన్యానీ అనే నర్తకి ఒంటికాలి మీద వరుసగా 32 చుట్లు తిరిగి అందరినీ ముక్కున వేలేసుకునేలా చేసింది. పావ్లోవా సన్నటి కాళ్ళకు అది సాధ్యం కాలేదు. అప్పుడు ఆమె గురువు పావెల్ గెర్డ్ట్ ఒక మంచి సలహా ఇచ్చారు. ఆ గారడీ విద్యలు ఇతరులకు వదిలేసి, నీకున్న సున్నితత్వాన్నే నీ బలంగా చేసుకోమని చెప్పారు. ఆమె ఆ మాట పట్టుకున్నారు. లోపం అని నలుగురూ నవ్విన శరీరాన్నే తన సంతకంగా మార్చుకున్నారు.

ఇక్కడ మరో విషయం చెప్పాలి. ఆమె పాదాలు బాగా వంపు తిరిగి ఉండేవి. వేళ్ళ కొసల మీద నిలబడితే బరువంతా బొటనవేలి మీద పడి నొప్పి పుట్టేది. అందుకని ఆమె బూట్ల అడుగున గట్టి తోలు ముక్క పెట్టించుకుని, కొసను కాస్త గట్టిపరచి వాడేవారు. ఇది మోసం అని కొందరు గొణిగారు. కానీ ఈనాడు ప్రపంచమంతా వాడే బ్యాలే బూట్లు ఆ దారిలోనే తయారయ్యాయి.

మెట్టు మీద మెట్టు

1899లో చదువు పూర్తి చేసి, తనను చిన్ననాడు మురిపించిన మారిన్‌స్కీ థియేటరులోనే ఉద్యోగంలో చేరారు. 1902లో లా బయదేర్ అనే బ్యాలేలో ప్రధాన పాత్ర దక్కింది. ఆ కథ జరిగేది మన భారతదేశంలో. కథానాయిక నికియా ఒక దేవాలయ నర్తకి. భారతదేశం ఎలా ఉంటుందో చూడని రష్యావాళ్ళు ఊహించి అల్లిన కథ అది. ఈ పాత్రను మనసులో ఉంచుకోండి, తర్వాత మళ్ళీ దీని ప్రస్తావన వస్తుంది. 1903లో జిసెల్ పాత్ర, 1906లో నర్తకీమణుల్లో అత్యున్నత హోదా ఆమెను వరించాయి. ఆ హోదా వచ్చాక కూడా ఎన్రికో చెక్కెట్టి అనే ఇటలీ గురువు దగ్గర పాఠాలు చెప్పించుకోవడం మానలేదు.

ఆ రోజుల్లోనే మిత్రుడు మిఖాయిల్ ఫోకిన్ ఆమె కోసం ఒక చిన్న నృత్యం కూర్చారు. చనిపోతున్న హంస కథ అది. ఫ్రెంచి స్వరకర్త సాన్ సాన్స్ సంగీతం. నిడివి కొద్ది నిమిషాలే. పెద్ద పెద్ద గెంతులు లేవు. వేళ్ళ కొసల మీద చిన్న చిన్న అడుగులు, రెక్కల్లా కదిలే చేతులు, చివరికి నేల మీద ఒదిగిపోవడం. అంతే. దాన్నే ఆమె జీవితమంతా ఊరూరా ఆడారు. చూసినవారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. 1924లో హాలీవుడ్‌లో ఆమె నృత్యాలను సినిమాగా తీశారు. ఆ పాత ఫిల్ము ఈనాటికీ దొరుకుతోంది. మన కంప్యూటర్ రూములో చెల్లెళ్ళు ఒకసారి చూడండి.

ఊరూరా తిరిగిన బ్యాలే

1908 నుంచి ఆమె విదేశాల్లో ప్రదర్శనలు మొదలుపెట్టారు. 1909లో పారిస్‌లో ద్యాగిలెవ్ బృందంతో ఆడారు. 1910లో న్యూయార్క్, లండన్ నగరాలు ఆమెకు బ్రహ్మరథం పట్టాయి. 1912లో లండన్‌లో ఐవీ హౌస్ అనే ఇల్లు తీసుకున్నారు. అక్కడి కొలనులో హంసలను పెంచారు. తర్వాత సొంత బృందం కట్టారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడం, 1917లో రష్యా విప్లవం జరగడంతో ఆమె మళ్ళీ పుట్టిన దేశం చూడలేదు.

ఇక్కడ మేము ఆగి ఒక ప్రశ్న వేసుకున్నాం. పారిస్, లండన్ లాంటి చోట్ల రాజాలా బతకగలిగిన మనిషి, చిన్న చిన్న పట్నాల వెంట ఎందుకు తిరిగినట్టు? బృందంలోని వారికి జీతాలివ్వాలి కాబట్టి డబ్బు అవసరం నిజమే. అంతకు మించి ఇంకొకటి ఉంది. బ్యాలే అంటే ఏమిటో తెలియని వారికి దాన్ని చూపించాలన్న పట్టుదల. అది ఆమె ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తుంది.

మన సురభి నాటక సమాజం వారు 1885 నుంచి పరదాలు, పెట్టెలు, పిల్లాజెల్లా వేసుకుని ఊరూరా తిరిగారు కదా! పావ్లోవా బృందం కూడా అలాగే రైళ్ళలో, ఓడల్లో తిరిగింది. అమెరికాలో చాలా ఊళ్ళలో ఒక్క రాత్రి మాత్రమే ప్రదర్శన. ఆట అయిపోగానే సామాను సర్దుకుని రైలెక్కాలి. దొరికిన చోట ఆడాలి. కొన్ని హాళ్ళలో వేదిక చెక్కలు సరిగా ఉండేవి కావు. 1919లో మెక్సికోలో ఎద్దుల పోటీలు జరిగే మైదానంలో వేలాది మంది ముందు ఆడారు. ఆ దేశపు జానపద నృత్యాన్ని నేర్చుకుని, వేళ్ళ కొసల మీద ఆడి చూపి, వారి కళకు గౌరవం ఇచ్చారు. జీవితం మొత్తం మీద ఆమె చేసిన ప్రదర్శనలు దాదాపు 4000 ఉంటాయని చరిత్రకారుల అంచనా. ఇన్ని ప్రయాణాల మధ్య ఒక్క రోజు కూడా సాధన మానేవారు కాదు.

అందరూ ఆమెను పొగిడారని అనుకోకండి. ఆమె ఎంచుకునే సంగీతం తేలికగా ఉంటుందని, కొత్త ప్రయోగాలు చేయదని విమర్శించిన వారున్నారు. బృందంలో వారిపై కోపతాపాలు కూడా ఎక్కువే. అయినా హాలు నిండేది.

ఒక ఉదాహరణ చూడండి. 1917లో దక్షిణ అమెరికాలోని పెరూ దేశ రాజధాని లిమాలో ఆమె బృందం ఆడింది. ప్రేక్షకుల్లో ఫ్రెడరిక్ ఆష్టన్ అనే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. వయసు 13 ఏళ్ళు. ఆ రాత్రే తాను నర్తకుడు కావాలని నిర్ణయించుకున్నాడు. ఇంట్లో ఒప్పుకోలేదు, చాలా ఏళ్ళు కష్టపడ్డాడు. చివరికి బ్రిటన్ దేశపు గొప్ప నృత్య దర్శకుడయ్యాడు, 1963 నుంచి 1970 వరకు రాయల్ బ్యాలేకు సారథ్యం వహించాడు. పావ్లోవా ఆడిన ఒక చిన్న అడుగుల వరుసను తన బ్యాలేలన్నింటిలో దాదాపు ఎక్కడో ఒకచోట దాచి పెట్టేవాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక తల్లి కొన్న టిక్కెట్టు ఫలం సముద్రాలు దాటి లిమాలో ఇంకో పిల్లవాడికి అందిందన్నమాట.

మన దేశానికి వచ్చినప్పుడు

1922-23లో జపాన్, చైనా, బర్మా మీదుగా తిరుగుతూ ఆమె బృందం భారతదేశం వచ్చింది. కలకత్తా, బొంబాయి నగరాల్లో ఆడింది. దేవాలయ నర్తకి నికియాగా 20 ఏళ్ళ క్రితం వేషం కట్టిన ఆమె, ఇప్పుడు అసలు భారతీయ నృత్యం చూడాలని ఆశపడ్డారు. అయితే చూపించేవారే కరువయ్యారు.

దీనికి కారణం ఉంది. దేవదాసీల నృత్యానికి అప్పటికి మర్యాద లేదు. మన తెలుగునాట వీరేశలింగం పంతులు గారితో సహా ఎందరో సంస్కర్తలు భోగం మేళాలకు వ్యతిరేకంగా పోరాడారు. ఆడపిల్లల బతుకులు బాగుపడాలన్నదే వారి ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే. కానీ ఆ పోరాటంలో ఆ స్త్రీలు తరతరాలుగా కాపాడిన విద్య కూడా చెడ్డదనే ముద్ర పడింది. చదువుకున్న వారు దాని పేరెత్తడానికే సిగ్గుపడేవారు.

పావ్లోవా మాత్రం మన కళను మరవలేదు. అప్పట్లో మన నిజాం రాజ్యంలో ఉన్న అజంతా గుహల చిత్రాల ప్రేరణతో 1923లో ఒక బ్యాలే తయారు చేయించారు. అదే ఏడాది లండన్‌లో చిత్రలేఖనం చదువుకుంటున్న ఉదయ్ శంకర్ అనే భారతీయ యువకుడిని కలిశారు. అతని సాయంతో హిందూ వివాహం, రాధాకృష్ణులు అనే రెండు నృత్యాలు కూర్చారు. ఆమె రాధ, అతను కృష్ణుడు. కుంచె పట్టిన ఆ కుర్రవాడు తర్వాత ప్రపంచ ప్రసిద్ధ నర్తకుడయ్యాడు. సితార్ విద్వాంసుడు రవిశంకర్ గారికి ఆయన అన్నగారు. 1948లో మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన కల్పన సినిమా ఆయనదే.

1928-29లో పావ్లోవా మళ్ళీ మన దేశం వచ్చారు. ఆమె నృత్యమంటే ప్రాణం పెట్టే రుక్మిణీదేవి అరండేల్ ఆమె ప్రయాణించే ఓడలోనే ఆస్ట్రేలియాకు వెళ్ళారు. రుక్మిణీదేవి బ్యాలే నేర్చుకోవాలని కోరితే, పావ్లోవా తన బృందంలోని క్లియో నార్డి చేత పాఠాలు చెప్పించారు. దాంతో పాటు, నీ దేశపు నృత్యం ఏమిటో వెతుక్కో అని కూడా సలహా ఇచ్చారు. తర్వాత రుక్మిణీదేవి మద్రాసులో దేవదాసీల నృత్యం చూశారు, గురువుల దగ్గర నేర్చుకున్నారు, 1935లో వేదిక ఎక్కారు, 1936లో కళాక్షేత్రం స్థాపించారు. మనం ఈనాడు భరతనాట్యం అని పిలిచేది ఆ నృత్యమే.

ఇక్కడ మేము ఒక మాట స్పష్టంగా చెప్పదలిచాం. భరతనాట్యాన్ని పావ్లోవా కాపాడారని అనడం సరికాదు. దాన్ని కాపాడింది దేవదాసీ కులాల స్త్రీలు, వారికి నేర్పిన నట్టువనార్లు. పెద్ద కులాల వారు వేదిక ఎక్కాక ఆ కళకు గౌరవం వచ్చింది గానీ, దాన్ని కన్న ఆ స్త్రీలకు ఆ గౌరవంలో వాటా సరిగా దక్కలేదు. పావ్లోవా చేసిందల్లా, సిగ్గుపడి దాచుకున్న దానివైపు వేలు చూపించడం. అదైనా చిన్న పని కాదు.

అనాథ పిల్లలకు ఒక ఇల్లు

రష్యా విప్లవం తర్వాత ఎన్నో కుటుంబాలు దిక్కులేక పారిస్ చేరాయి. ఆ కుటుంబాల్లో అనాథలైన ఆడపిల్లల కోసం పావ్లోవా పారిస్ దగ్గర సాన్ క్లూ అనే చోట ఒక వసతి గృహం నడిపారు. దాని ఖర్చు కోసం ప్రత్యేకంగా ప్రదర్శనలు ఇచ్చేవారు. ప్రభుత్వ హాస్టల్ అన్నం తిని పైకొచ్చిన మనిషి, తానూ ఒక హాస్టల్ పెట్టి ఆ రుణం తీర్చుకున్నారు. ఆమె పేరు ప్రతిష్ఠల కన్నా మాకు ఈ సంగతే ఎక్కువ నచ్చింది.

చివరి రోజులు

1931 జనవరిలో మరో యాత్రకు బయలుదేరి హాలండ్ దేశంలోని హేగ్ నగరం చేరారు. దారిలో పట్టిన జలుబు ఊపిరితిత్తుల జబ్బుగా ముదిరింది. జనవరి 23న ఆమె కన్నుమూశారు. మరో 20 రోజులుంటే 50 ఏళ్ళు నిండేవి. ఆ తర్వాత లండన్‌లోని ఒక థియేటరులో హంస నృత్యపు సంగీతం వాయించారు. తెర లేచింది. వేదిక మీద దీపాల వెలుగు తప్ప ఎవరూ లేరు. ప్రేక్షకులంతా లేచి నిలబడ్డారు. ఆమె అస్థికలు లండన్ గోల్డర్స్ గ్రీన్‌లో ఉన్నాయి. ఆమె చదివిన బడి నేటికీ వాగనోవా అకాడమీ పేరుతో నడుస్తూ ఉంది.

మనం నేర్చుకోవలసింది

చెల్లెళ్ళూ, మీరందరూ నర్తకీమణులు కావాలని మేము ఈ వ్యాసం రాయలేదు. మీలో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, ఆఫీసర్లు రావాలి. మా కోరిక వేరు. ఊళ్ళోని కళాభారతికో, టౌన్ హాలుకో ఏదైనా మంచి నాటకమో, నృత్యమో వచ్చినప్పుడు అది మన కోసం కాదని అనుకోకండి. వార్డెన్ మేడమ్ గారిని అడగండి, పది మంది కలిసి వెళ్ళండి. వెనక వరుసలో చోటు దొరికినా పరవాలేదు. వేదిక మీద వెలుగు అక్కడిదాకా వస్తుంది. ఇంతకు ముందు వెళ్ళిపోయిన అక్కలను కూడా మేము కోరేది ఒక్కటే. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంలో మన హాస్టల్ పిల్లలకు పది టిక్కెట్లు కొనిపెట్టండి. ఆ పది మందిలో ఎవరు ఏమవుతారో ఎవరికి తెలుసు?

బట్టలు ఉతికిన ఆ తల్లి పేరు చరిత్రలో పెద్దగా వినిపించదు. కానీ కూతురి చెయ్యి పట్టుకుని థియేటరు మెట్లు ఎక్కింది ఆవిడే. మన వ్యాసం ఆ ల్యుబోవ్ ఫియోదొరోవ్నా గారికి, మనల్ని చదువుకు పంపిన మన అమ్మలందరికీ అంకితం.